పుట్టగొడుగులో యాంటీ ఆక్సిడెంట్ ఉన్నది నిజమే కదా, మరి అబద్ధం ఎక్కడుంది?

బుచ్చిరెడ్డిపాళెం దగ్గరి పల్లె నుంచి ముప్పై నాలుగేళ్ల సోదరి ఒకరు ఆరు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఊరు వద్దన్నారు. అందులోని సంగతులు ఇవీ.

ఇంటర్ బైపీసీ మొదటి సంవత్సరంతోనే ఆమె చదువు ఆగిపోయింది. భర్త రొయ్యల గుంటల దగ్గర పని చేస్తారు. రెండేళ్ల కిందట పుట్టగొడుగుల పెంపకంలో శిక్షణ తీసుకుని, డ్వాక్రా గ్రూపు ద్వారా 80 వేల రూపాయల అప్పు చేసి, ఇంటి పక్కనే రేకుల షెడ్డు వేసి ముత్యపుచిప్ప పుట్టగొడుగులు పెంచుతున్నారు. చలికాలం బాగానే గడిచింది. ఏప్రిల్‌లో వేసిన 120 బెడ్లలో (పుట్టగొడుగులు పెరిగే, గడ్డి నింపిన కవర్లలో) సగానికి సగం పచ్చబూజు పట్టి పోయాయి. పోయే ముందు కవర్ల లోపల పసుపు రంగు నీళ్లు చుక్కలు చుక్కలుగా దిగాయట. అదే నెలలో మామగారికి గొంతు కాన్సర్ అని తేలింది. ఇప్పుడు నెల్లూరులో రేడియేషన్, దానితోపాటు వారానికో ఇంజెక్షన్ నడుస్తున్నాయి. "ఇంట్లో బూజు పెంచితే రోగం రాక ఏమొస్తుంది" అని అత్తగారు వచ్చేపోయేవాళ్లందరి ముందూ అంటున్నారు.

ఒంగోలులో ఉండే బావగారు, అంటే ఆమె భర్తకు అన్న, పుట్టగొడుగుల క్యాప్సూల్స్ అమ్మే గొలుసు వ్యాపారంలో చేరారు. తండ్రికి రోజుకు ఆరు క్యాప్సూల్స్ ఇస్తున్నారు. డాక్టరుకు చెప్పొద్దన్నారు. ఈమె కూడా లక్షన్నర పెట్టి చేరాలనీ, అందులో సగం గ్రూపు నుంచి రాబోయే రెండో అప్పులోంచి తీయాలనీ ఆయన మాట. పైగా ఈమె పుట్టగొడుగులనే ఎండబెట్టి పొడి చేసి, "కాన్సర్ కణాలను చంపే సహజ యాంటీ ఆక్సిడెంట్" అని లేబుల్ వేసి, దాని మీద ఈమె ఫోటో అచ్చు వేయిస్తారట. భర్త ఎటూ చెప్పలేక గుంటల దగ్గరే పడుకుంటున్నారు. ఈ ఆదివారం బావగారు జవాబు కోసం వస్తున్నారు.

ఆమె చివరి మాటలు యథాతథంగా: "పుట్టగొడుగులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయన్నది నిజమే కదండీ. ట్రైనింగులో కూడా చెప్పారు. మరి బావగారి మాటలో అబద్ధం ఎక్కడుందో నాకు చెప్పడం రావట్లేదు. లోపల మాత్రం ఏదో తప్పనిపిస్తోంది. నా బెడ్లనే కాపాడుకోలేనిదాన్ని, ఎదుటివాళ్ల రోగానికి మందు అని ఎలా అమ్మేది?"

అమ్మా,

మీరు అడిగినవాటికి వచ్చేముందు మీరు అడగని సంగతి ఒకటి ఉంది. మూడో పేజీలో ఒక్క వాక్యం రాసి ముందుకు వెళ్లిపోయారు. షెడ్డు తలుపు పక్కన చల్లగా ఉంటుందని మామయ్య మంచం అక్కడే వేశామని. ఆ మంచాన్ని ఈ రోజే అక్కణ్ణుంచి తీసి ఇంటికి అటువైపు వేయండి. గొడుగులు బాగా విచ్చుకున్నాక వాటి కింది రెక్కల నుంచి లెక్కలేనన్ని బీజాలు రాలతాయి. తెల్లవారుజామున షెడ్డులో టార్చిలైటు వేస్తే వెలుగులో పొగలా తేలుతూ కనిపించేది అదే. ఏళ్ల తరబడి అది పీల్చిన ఆరోగ్యవంతులకే దగ్గూ, ఆయాసమూ, జ్వరమూ రావచ్చు. పచ్చబూజు పట్టిన కవరు విప్పితే లేచే దుమ్ము ఇంకా చెడ్డది. మామయ్యకు ఇస్తున్న ఇంజెక్షన్ల వల్ల ఒంట్లో తెల్లకణాలు తగ్గే అవకాశం ఉంది. బూజు మీద పోరాడేది ఆ కణాలే. మీరు కూడా మాస్కు కట్టుకునే కోత కోయండి. గొడుగు అంచులు పైకి తిరగకముందే కోస్తే బీజాలు తక్కువ రాలతాయి, సరుకు కూడా నిలుస్తుంది.

మంచం జరిపితే అత్తయ్య "చూశావా, నేనన్నదే నిజమైంది" అంటారేమో. అననివ్వండి. గొంతు కాన్సర్ రెండేళ్ల షెడ్డు వల్ల వచ్చేది కాదు. మామయ్య ముప్పై ఏళ్లుగా చుట్ట కాల్చారని మీరే రాశారు. ఆ నింద మీది కాదు, దాన్ని మనసులోకి తీసుకోకండి. ఆవిడ కూడా భయంలో ఉండి ఎవరో ఒకరి మీద వేస్తున్నారు, అంతే. "రోగం షెడ్డు వల్ల రాలేదత్తయ్యా, కానీ ఇప్పుడున్న నీరసంలో మామయ్యకు ఏ దుమ్మూ పడదు" అని ఒక్కసారి నెమ్మదిగా చెప్పి వదిలేయండి.

ఇప్పుడు మీ ప్రశ్న. అబద్ధం ఎక్కడుంది?

పుట్టగొడుగులో యాంటీ ఆక్సిడెంట్లు ఉన్నాయన్నది నిజం. అవి అక్కడ ఎందుకున్నాయి, ఏం చేస్తున్నాయి అన్నది బావగారికి ఎవరూ చెప్పలేదు. కాస్త ఓపికగా చదవండి. మీ పచ్చబూజు కథా ఇందులోనే ఉంది, క్యాప్సూల్ కథా ఇందులోనే ఉంది.

నేను కాలేజీలో మైక్రోబయాలజీ చెప్పే రోజుల్లో మొదటి క్లాసులో ఒక పని చేయించేవాణ్ణి. మెడికల్ షాపులో గాయాలు కడగడానికి హైడ్రోజన్ పెరాక్సైడ్ అమ్ముతారు. ఒక గ్లాసులో అది కాస్త పోసి, బ్రెడ్డు చేయడానికి వాడే ఈస్ట్ చిటికెడు గోరువెచ్చని నీళ్లలో కలిపి అందులో వేయాలి. బుస్సున నురగ పొంగుకొస్తుంది, పాలు పొంగినట్టు. ఈస్ట్ కూడా శిలీంధ్రమే, అంటే బూజు జాతిదే, మీ పుట్టగొడుగుకు దూరపు చుట్టం. దాని కణంలో కాటలేజ్ అనే ఎంజైము ఉంటుంది. ఆ ఎంజైము పెరాక్సైడ్‌ను నీళ్లుగా, ఆక్సిజన్‌గా విడగొడుతుంది. నురగలో ఉన్నది ఆ ఆక్సిజనే. పిల్లలు ఆశ్చర్యపడి అడిగే ప్రశ్న ఒక్కటే: దానికి ఆ ఎంజైము ఎందుకు సార్?

ఎందుకంటే ఆ పెరాక్సైడ్ దాని ఒంట్లోనే పుడుతుంది. గాలి పీల్చి బతికే ఏ ప్రాణికైనా ఇది తప్పదు. ఆక్సిజన్‌తో తిండిని శక్తిగా మార్చుకునేటప్పుడు కొంత ఆక్సిజన్ సగం కాలిన కట్టెలా బయటపడుతుంది. దాన్ని సూపర్ ఆక్సైడ్ అంటారు. సూపర్ ఆక్సైడ్ డిస్మ్యుటేజ్ అనే ఎంజైము దాన్ని పట్టి పెరాక్సైడ్‌గా మారుస్తుంది. ఆ ఎంజైము చేసే పని ఇదీ అని 1969లో మెక్‌కార్డ్, ఫ్రిడోవిచ్ అనే ఇద్దరు అమెరికన్ శాస్త్రవేత్తలు తేల్చారు. ఆ తర్వాత కాటలేజ్ వంటివి పెరాక్సైడ్‌ను నీళ్లు చేస్తాయి. ఈ గొలుసు ఎక్కడైనా తెగి, పెరాక్సైడ్‌కు ఇనుము తగిలితే హైడ్రాక్సిల్ అనే ముక్క పుడుతుంది. అది దొరికిన దాన్నల్లా కాలుస్తుంది. కొవ్వు పొర, ప్రోటీను, డీఎన్ఏ, దేన్నీ వదలదు. పుట్టగొడుగులు ఎంజైములతోనే సరిపెట్టుకోవు. గ్లూటాథయోన్ అనే చిన్న పదార్థాన్ని వాడతాయి, మానిటాల్ అనే చక్కెర లాంటి పదార్థాన్ని కూడబెడతాయి. కొన్ని బూజులు మెలనిన్ అనే నల్లరంగు పూసుకుంటాయి. ఇలా ఆ కాల్చే ముక్కల నుంచి కణాన్ని కాపాడేవాటన్నిటినీ కలిపి యాంటీ ఆక్సిడెంట్లు అంటారు.

బావగారి క్యాప్సూల్ డబ్బా మీద రాసినదంతా ఇక్కడితో ఆగిపోతుంది. అసలు సంగతి దీని తర్వాతే ఉంది.

మీది వరి పండే ప్రాంతం కాబట్టి ఇలా చెబుతాను. చెరువు కింద పొలానికి తూము ఉంటుంది. నాట్లకు ఎంత వదలాలి, పొట్ట దశలో ఎంత వదలాలి, కోతకు ముందు ఎప్పుడు కట్టేయాలి అన్నది తూము చూసేవాడికి తెలుసు. నీళ్లు మంచివే కదా అని రాత్రింబవళ్లు తూము ఎత్తి వదిలేస్తే చేను కుళ్లుతుంది. శిలీంధ్రం యాంటీ ఆక్సిడెంట్‌తో చేసేది ఈ తూము పనే. ఈస్ట్‌లో యాప్1 అనే ప్రోటీను ఒకటుంది. మామూలు రోజుల్లో అది జన్యువులుండే కేంద్రకంలోకి వెళుతుంది, వెంటనే బయటికి వచ్చేస్తుంది. బయటికి పంపమని చెప్పే గుర్తు దాని ఒంటి మీదే ఉంటుంది. పెరాక్సైడ్ పెరిగిందనుకోండి, ఆ ప్రోటీనులో రెండు చోట్ల గంధకపు ముడి పడి ఆకారం మారిపోతుంది, గుర్తు లోపలికి ముడుచుకుపోతుంది. ఇక బయటికి పంపేవాళ్లు దాన్ని పోల్చుకోలేరు. అది లోపలే నిలబడి యాంటీ ఆక్సిడెంట్ జన్యువులను లేపుతుంది. పెరాక్సైడ్ తగ్గగానే ముడి విడిపోతుంది, ప్రోటీను బయటికి పోతుంది, జన్యువులు నిద్రపోతాయి. తూము దించేశారన్నమాట. ఎన్నేళ్లు పాఠం చెప్పినా ఈ చిన్న ముడి దగ్గరికి వచ్చినప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది.

దీనికి ఖర్చూ ఉంది. గ్లూటాథయోన్ ఒకసారి పని చేశాక ఖాళీ సంచి. దాన్ని మళ్లీ నింపాలంటే కణం తన చక్కెరను శక్తి దారిలోంచి తప్పించి ఇటు మళ్లించాలి. అంటే ఒత్తిడిలో ఉన్న బూజు పెరుగుదల మానుకుని ఆ డబ్బు కాపలాకు పెడుతోందని అర్థం. ఇది గుర్తుపెట్టుకోండి, మీ ఏప్రిల్ బెడ్ల దగ్గర మళ్లీ అవసరమవుతుంది.

ఇంకో విచిత్రం. ఈ పెరాక్సైడ్‌ను శిలీంధ్రం పూర్తిగా తుడిచిపెట్టాలని చూడదు. అది లేకపోతే దానికి బతుకే లేదు. మీ ముత్యపుచిప్ప వరిగడ్డిని ఎలా తింటుందనుకున్నారు? గడ్డిలో లిగ్నిన్ అనే గట్టి పదార్థాన్ని విరగ్గొట్టడానికి అది గడ్డిలో అల్లుకున్న తన తెల్లటి దారాల నుంచి పెరాక్సైడ్‌ను బయటికి వదిలి, దాన్ని వాడుకునే ఎంజైములను పక్కనే పెడుతుంది. అంతే కాదు. కొన్ని రకాల బూజుల్లో సూపర్ ఆక్సైడ్‌ను పనిగట్టుకుని తయారుచేసే జన్యువును తీసేసి చూశారు. దారాలు పెరిగాయి కానీ బీజాలను మోసే కాయలాంటి భాగం కట్టలేదు. ఏ విషం నుంచి తప్పించుకోవడానికి యాంటీ ఆక్సిడెంట్ అంటున్నామో, కాయ కట్టమని పిలుపిచ్చేది కూడా ఆ విషమే.

కాబట్టి యాంటీ ఆక్సిడెంట్ అంటే ఎంత ఎక్కువ పోస్తే అంత మేలు చేసే సరుకు కాదు. పుట్టగొడుగు తన ఒంట్లో, తన అవసరానికి, తనకు కావలసిన క్షణంలో నడుపుకునే వ్యవహారం. అందులోని ఎంజైముల్ని పొడి చేసి మింగితే మన కడుపులో అవీ పప్పులోని ప్రోటీనులాగే అరిగిపోతాయి. గ్లూటాథయోన్ కూడా చాలావరకు అంతే.

ఒక్కదానికి మాత్రం న్యాయం చేయాలి. ఎర్గోథయోనీన్ అని ఒకటుంది. 1909లో ఫ్రాన్స్‌లో షార్ల్ తాన్రే అనే ఆయన ఎర్గాట్ బూజు నుంచి దాన్ని వేరుచేశారు. మన సజ్జ, జొన్న కంకులకు తేనెబంక తెగులు తెచ్చే బూజులు ఆ కుటుంబానివే. దీన్ని శిలీంధ్రాలు, కొన్ని బాక్టీరియాలు తయారుచేస్తాయి. మన ఒంట్లో తయారు కాదు, తిండిలోంచే రావాలి. చిత్రమేమంటే దాన్ని ప్రత్యేకంగా లోపలికి లాక్కునే ద్వారం మన కణాలకు ఉంది. 2005లో ఆ సంగతి బయటపడింది. తిండ్లలో పుట్టగొడుగులదే దీనికి పెద్దపీట. మామూలు తెల్ల బటన్ రకం కంటే ముత్యపుచిప్పలో సాధారణంగా ఎక్కువ ఉంటుంది. వండినా పెద్దగా పోదు. అంటే మీ పుట్టగొడుగు మంచి తిండి అనడంలో అబద్ధం లేదు. కూరలో తింటే చాలు. కాన్సర్‌ను చంపుతుందని చెప్పడానికి మాత్రం ఇందులో ఏ ఆధారమూ లేదు. మీ లోపల "ఏదో తప్పు" అనిపించింది చూశారా, అది ఇక్కడే. మొదటి వాక్యం నిజం, రెండో వాక్యం దాని భుజమెక్కి వచ్చింది.

మామయ్య విషయంలో ఇది మాటల తేడాగా ఆగదు. రేడియేషన్ కాన్సర్ కణాన్ని ఎలా చంపుతుందో తెలుసా? కిరణం కణంలోని నీటిని తాకి, ఇందాక చెప్పిన హైడ్రాక్సిల్ ముక్కల్ని పుట్టిస్తుంది. డీఎన్ఏకు తగిలే దెబ్బలో పెద్ద వంతు వాటిదే. డాక్టర్లు కాన్సర్ కణంలో కావాలని మంట పెడుతున్నారు. అదే సమయంలో పెద్ద మోతాదులో మంట ఆర్పే పదార్థం పోయడం వైద్యానికి అడ్డం పడవచ్చు. అందుకే రేడియేషన్, కీమో నడుస్తుండగా డాక్టరుకు తెలియకుండా యాంటీ ఆక్సిడెంట్ క్యాప్సూల్స్ వాడొద్దని కాన్సర్ వైద్యులు చెబుతారు. "ప్రకృతిసిద్ధం, నష్టం ఏముంది" అని బావగారు అంటే ఈ ఒక్క సంగతి చెప్పండి. ఫిన్లాండ్‌లో 29 వేల మందికి పైగా పొగతాగే మగవాళ్ల మీద పెద్ద పరిశోధన జరిగింది. బీటా కెరోటిన్ అనే యాంటీ ఆక్సిడెంట్ మాత్రలు ఇస్తే ఊపిరితిత్తుల కాన్సర్ తగ్గుతుందని ఆశించారు. 1994లో ఫలితం వచ్చింది. మాత్రలు మింగినవాళ్లలో ఆ కాన్సర్ 18 శాతం ఎక్కువ వచ్చింది. బీటా కెరోటిన్ అంటే క్యారెట్లో ఉండేదే. క్యారెట్ తింటే ఎవరికీ ఏమీ కాదు. తూము ఎత్తి వదిలేయడం వేరు.

బూజు మీద మన తెల్లకణాలు విసిరేది కూడా సూపర్ ఆక్సైడ్, పెరాక్సైడ్లనే. పుట్టుకతోనే ఆ శక్తి లేని పిల్లలకు ఆస్పర్‌జిల్లస్ అనే మామూలు బూజు ప్రాణం మీదికి వస్తుంది. మంచం జరపమని అంత గట్టిగా చెప్పింది అందుకే.

బావగారిని మోసగాడిగా చూడకండి. తండ్రికి రోగం వచ్చిన కొడుకు ఏదో ఒకటి చేయాలని తపిస్తున్నారు. అప్పటికే సొంత డబ్బు పెట్టేసి ఉంటారు, ఇంకొకరిని చేర్పిస్తే తప్ప అది వెనక్కి రాదు. ఆ రెండూ కలిసి ఆయన నోట "డాక్టరుకు చెప్పొద్దు" అనిపించాయి. ఆయనతో సైన్సు వాదన పెట్టుకుంటే మీరు ఓడిపోతారు, తెలియక కాదు, చిన్న కోడలు కాబట్టి. ఆ మాట డాక్టరు నోటితో రావాలి. క్యాప్సూల్ డబ్బా తీసుకెళ్లి "ఇవి రోజుకు ఆరు ఇస్తున్నాం, ఇవ్వొచ్చా" అని అడగండి. ఎన్నాళ్ల నుంచి ఇస్తున్నారో కూడా చెప్పండి, లివర్ పరీక్ష అవసరమేమో వాళ్లు చూస్తారు. దీన్ని బావగారికి తెలియకుండా చేస్తే ఆదివారం గొడవ మీ మీదికి వస్తుంది. తెలిపి చేస్తే, డాక్టరును అడిగే శుక్రవారమే రావచ్చు. నా మటుకు మీ ఆయన చేత అన్నకు ముందే ఫోను చేయించడం మేలు. "డాక్టరును అడుగుతున్నానన్నా" అని ఒక్క ముక్క చాలు. గుంటల దగ్గర పడుకున్నంత మాత్రాన మీ ఆయనకు ఈ విషయం తప్పిపోదు. రోగి ఆయన తండ్రి.

డబ్బు సంగతికి వస్తే మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

బావగారు చెప్పినట్టే చేరడం ఒకటి. ఇంట్లో కొన్నాళ్లు శాంతి. కానీ గ్రూపు అప్పు మీ ఒక్కరిది కాదు. మీ కంతు ఆగితే మిగతా ఆడవాళ్ల పేర్లకు మచ్చ పడుతుంది, వాళ్లకు రాబోయే అప్పు ఆగుతుంది. పుట్టగొడుగులకని తీసుకున్నది ఇందులో పెట్టారని తెలిస్తే నెల సమావేశంలో మీరు తలెత్తలేరు. ఇక లేబుల్. కాన్సర్ నయం చేస్తుందని ఏ సరుకుకైనా ప్రకటన వేయడం 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టం కింద నేరం. ఆహార భద్రతా చట్టమూ ఒప్పుకోదు. డబ్బా మీద బావగారి ఫోటో ఉండదు, మీది ఉంటుంది. చేరడానికే డబ్బు కట్టమనే గొలుసు వ్యాపారాన్ని 2021 నాటి కేంద్ర నిబంధనలు ఒప్పుకోవని కూడా తెలిసి ఉండటం మంచిది. అది ఆయనకూ పనికొచ్చే మాట.

రెండో దారి, బావగారి వ్యాపారం బావగారిదే, మీ పుట్టగొడుగులు ఆయనకు మామూలు సరుకుగా అమ్మడం. బంధుత్వం తెగదు. కానీ ఆయన వాటిని పొడి చేసి ఏ పేరుతో అమ్ముతారో మీ చేతిలో ఉండదు. ఏ రోగికో కీడు జరిగితే సరుకు ఎక్కడిదని అడుగుతూ మీ దగ్గరికే వస్తారు. నాకిది రాజీలా కనిపిస్తుంది కానీ మనసుకు ఊరట ఇవ్వదు.

మూడోది, సొంతంగా ఎండబెట్టిన పుట్టగొడుగులు అమ్మడం. ఆహార భద్రతను చూసే కేంద్ర సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐలో చిన్న వ్యాపారిగా రిజిస్ట్రేషన్ చేయించుకుని, లేబుల్ మీద "ఎండు పుట్టగొడుగులు" అన్న పేరు, బరువు, తేదీ వంటి, నిబంధనలు అడిగే వివరాలు మాత్రమే వేయాలి. రోగం పేరు ఒక్కటీ ఉండకూడదు. లాభం నెమ్మదిగా వస్తుంది. ఎండబెట్టడం సరిగా లేకపోతే మన సముద్రపు గాలి తేమకు పొట్లంలోనే బూజు పడుతుంది. అప్పడంలా విరిగేదాకా ఎండాలి, గాలి చొరని డబ్బాలో పెట్టాలి. బావగారికి ఒంగోలులో దుకాణాల పరిచయాలు ఉన్నాయన్నారు కదా, అమ్మి పెట్టే పని ఆయనకు ఇవ్వజూపండి. ఆయనకూ తలవంపు లేకుండా బయటపడే దారి ఒకటి కావాలి. ఒప్పుకోకపోవచ్చు, కొన్నాళ్లు మాటలు ఉండకపోవచ్చు. అయినా నేను మీ స్థానంలో ఉంటే ఈ దారే పట్టేవాణ్ణి.

చివరికి మీ బెడ్లు. "నా బెడ్లనే కాపాడుకోలేనిదాన్ని" అన్న మాట నన్ను బాధపెట్టింది. ముత్యపుచిప్పకు హాయిగా ఉండేది 20 నుంచి 30 డిగ్రీల మధ్య. ఏప్రిల్‌లో రేకుల కింద మధ్యాహ్నం ఎంతుంటుందో మీకు తెలుసు. దానికి తోడు కవరులో పెరిగే పుట్టగొడుగు దారాలు తామే వేడి పుట్టిస్తాయి, కవరు నడుమ బయటికంటే కొన్ని డిగ్రీలు ఎక్కువే ఉంటుంది. వేడికి దారాల లోపల పెరాక్సైడ్ పెరిగిపోతుంది. అప్పుడు పుట్టగొడుగు ట్రెహలోజ్ అనే చక్కెరను, దెబ్బతిన్న ప్రోటీన్లను సరిచేసే హీట్ షాక్ ప్రోటీన్లను తయారుచేసుకుంటూ కూర్చుంటుంది. పెరగడానికి ఏమీ మిగలదు. మీరు చూసిన పసుపు చుక్కలు తరచుగా అలాంటి ఒత్తిడికి గుర్తు. ట్రైకోడెర్మా, అంటే మీ పచ్చబూజు, సరిగ్గా అప్పుడే ఆక్రమిస్తుంది. గడ్డి ఉడికించడంలో లోపం కూడా ఉండొచ్చు. కానీ చలికాలంలో అదే చేత్తో, అదే పద్ధతిలో వేసినవి బాగా వచ్చాయని మీరే రాశారు.

వేడిని తట్టుకోవడం అది నేర్చుకోలేదా అంటే, కొంత నేర్చుకుంటుంది. ఈస్ట్‌ను చల్లటి చోటు నుంచి నేరుగా 50 డిగ్రీలకు తీసుకెళితే చాలావరకు చస్తుంది. ముందు కాసేపు 37 దగ్గర ఉంచి ఆ తర్వాత తీసుకెళితే చాలా ఎక్కువ బతుకుతుంది. చిన్న దెబ్బ పెద్ద దెబ్బకు సిద్ధం చేస్తుంది. అలాగని బెడ్లను ఎండలో పెట్టి గట్టిపరచాలని చూడకండి. దాని ఓర్పుకు హద్దుంది, మన రోహిణి కార్తె ఆ హద్దుకు అవతల ఉంది.

ఏప్రిల్ నుంచి జూన్ దాకా ముత్యపుచిప్ప ఆపేయడం తేలికైన పని, కానీ మూడు నెలలు చేతిలో డబ్బు ఉండదు. పాల పుట్టగొడుగులు 30, 35 డిగ్రీల్లోనూ వస్తాయి. కాకపోతే పైన శుభ్రం చేసిన మట్టి పరచాలి, పంటకు ఎక్కువ రోజులు పడుతుంది. వరిగడ్డి పుట్టగొడుగు ఇంకా వేడిని ఇష్టపడుతుంది, త్వరగా వస్తుంది, కానీ ఫ్రిజ్‌లో పెడితే నీరు కారి పాడైపోతుంది, కోసిన రోజే అమ్ముడుపోవాలి. మీకు పాల పుట్టగొడుగులే నయమనిపిస్తోంది. మొదట ఇరవై బెడ్లతో చూడండి. రేకుల మీద తాటాకులు కప్పి, నేల మీద ఇసుక పోసి తడుపుతూ, బెడ్లను ఒకదానికొకటి ఆనకుండా వేలాడదీయండి. ఒక థర్మామీటరు కొని కవరు నడుమ గుచ్చి చూడండి. గోడకు తగిలించిన థర్మామీటరు చెప్పేది షెడ్డు వేడి, మీకు కావలసింది బెడ్డు వేడి. పాల పుట్టగొడుగుల స్పాన్ (విత్తనం) గురించి నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రంలో అడగండి. పచ్చబూజు పట్టినవి షెడ్డు దగ్గర విప్పకుండా, మూతి కట్టేసి దూరంగా తీసుకెళ్లి పూడ్చేయండి.

మామయ్యకు పుట్టగొడుగులు పెట్టొచ్చా అని ఉత్తరం అంచున చిన్న అక్షరాలతో రాశారు. అది కూడా డాక్టరునే అడగండి. ఒప్పుకుంటే తాజావి బాగా ఉడికించి పెట్టండి, పచ్చివి వద్దు. రేడియేషన్‌కు గొంతు పుండై ఉంటుంది, మన ఇళ్లలో వేసే కారం ఆయనకు నిప్పే. ఉప్పు తగ్గించి, మెత్తగా రుబ్బి, సూపులా తాగించండి. అది మందని చెప్పి పెట్టకండి. ఇష్టంగా తింటే అదే చాలు.

రేడియేషన్‌కు మామూలుగా శనాదివారాలు సెలవు కాబట్టి, బావగారు వచ్చేలోపు డాక్టరును అడగడానికి శుక్రవారం ఆఖరు. ఆ రోజు బయలుదేరేటప్పుడు నీళ్ల సీసా పక్కన ఆ క్యాప్సూల్స్ డబ్బా కూడా సంచిలో పెట్టుకోండి.